అమ్మకి చదివిన పేపరు

ఉదయం, మూడో అంతస్తు ఇల్లు. కొడుకు నగరంలోకెల్లా పెద్ద దినపత్రికకు సంపాదకుడు. తల్లికి చూపు పోయింది. రోజూలాగే ఆమెకు తన పేపరు చదివి వినిపిస్తున్నాడు.

"...అని అధికారులు చెప్పారు. అయిపోయిందమ్మా. ఇంక నేను బయల్దేరతాను."

"అప్పుడేనా? నీళ్ల సంగతి చదవలేదేం?"

"ఏ నీళ్లు?"

"ఏ నీళ్లేమిట్రా! వారం కిందట చదివావుగా. మన వీధి ట్యాంకులో రంగుల ఫ్యాక్టరీ మురుగు కలుస్తోంది, కాచినా లాభం లేదు, తాగొద్దని."

"ఆ... అదా. దాని మీద ఇవాళేం రాలేదు."

"అంత వార్త వేస్తే ఎవరికీ ఉలుకూ పలుకూ లేదా?"

"విచారణ చేస్తామన్నారు."

"ఎవరు?"

"వాళ్లే."

"వాళ్లే అంటే?"

"టైమవుతోందమ్మా. నా కళ్లజోడు ఎక్కడ పెట్టాను?"

"ముక్కు మీదే ఉంటుంది, తడుముకో. కళ్లున్నవాడివి నన్నడుగుతావేం? కూర్చో. కింద కుట్టుమిషను చప్పుడు లేదు, గమనించావా?"

"లేదు."

"ఆ పిల్ల మిషను తొక్కితేనే నాకు తెల్లారినట్టు."

"ఎక్కడికైనా వెళ్లుంటుంది."

"ఎక్కడికీ వెళ్లలేదు. చెప్తానుండు. ముందు నాకిది చెప్పు. ఆ వార్త ఎన్నో పేజీలో వేశారు?"

"ఇప్పుడదెందుకు?"

"నీళ్ల గురించి అడిగితే నీళ్లు నములుతావేం? ఎన్నో పేజీ?"

"అమ్మా..."

"ప్రూఫులు దిద్దే రోజుల్లో ఒక్క ఒత్తు జారిపోయిందని అన్నం మానేశావు. రిపోర్టరువయ్యాక మందుల దొంగల గురించి రాసి తల పగలగొట్టించుకొచ్చావు. నేను కట్టు కడుతూ ఏడుస్తుంటే, 'వార్త పడిందిగా అమ్మా, చాలు' అన్నావు. ఆ నోరేనా ఇది?"

"అప్పుడు పగిలితే నా తలొక్కటే. ఇప్పుడు నా కింద ఎంతమంది పిల్లలుగలవాళ్లున్నారో తెలుసా? పేపరు మూతపడితే..."

"అంటే వెయ్యలేదు."

"వేద్దామనే అనుకున్నాం. రిపోర్టరు నీళ్లకి పరీక్ష చేయించి మరీ తెచ్చాడు. పేజీ కూడా కట్టేశాం. ఈలోగా యజమాని పిలిచాడు. ఆ ఫ్యాక్టరీలో ఆయనకి వాటా ఉంది."

"నువ్వేమన్నావు?"

"సరేనన్నాను."

"ఇంకేం అనలేదా?"

"లేదు. ఆ కుర్చీ ఎక్కిన రోజు నుంచీ నేను అంటున్న మాట అదొక్కటే."

"మరి నాకు చదివినవి?"

"ఆపేసినవన్నీ. పేపరు ముందు పట్టుకుని, జేబులో కాగితం చూసి చదివేవాణ్ణి. ఎక్కడో ఒకచోట పైకి అనకపోతే ఊపిరాడదమ్మా."

"ఇంత పెద్ద ఊళ్లో నీ అసలు పేపరుకి నేనొక్కదాన్నే పాఠకురాలినన్నమాట. అదీ గుడ్డిదాన్ని."

"అలా అనకు. నీకు తెలియాలనే కదా చదివింది. మర్నాటి నుంచీ డబ్బా నీళ్లు తెప్పించాను కూడా."

"అవును. మనింటికి తెప్పించావు."

"వీధంతటికీ నేనెక్కణ్ణుంచి తెప్పించనమ్మా?"

"నేను ఊరుకోలేదురా. కుట్టుపనమ్మాయిని పైకి పిలిచి చెప్పాను. నీ పిల్లాడికి ఆ నీళ్లు పట్టకే, మావాడి పేపర్లో పడింది అని."

"చెప్పావా? పోన్లే. నేను చెయ్యలేని పని నువ్వు చేశావు. ఒక్క ఇల్లయినా..."

"అది నవ్వింది. 'మామ్మగారూ, పేపర్లో ఇంకోలా ఉందే' అంది. నేనొప్పుకోలేదు. నా కొడుకు నాకు అబద్ధం చదవడని దాంతో పోట్లాడాను. అప్పుడు అది పేపరు తెచ్చి చదివింది. 'నీళ్లు భేషుగ్గా ఉన్నాయి, పుకార్లు నమ్మి కంగారు పడకండి' అని. కింద నీ సంతకం."

"అది..."

"ఎవరైనా రాసి నీ పేరు పెట్టారా?"

"లేదు. నేనే రాశాను."

"నీ నోట విందామనే అడిగాను. ఇన్నాళ్లూ ఆగాను."

"ఆ పిల్లాడికెలా ఉందమ్మా?"

"వాంతులు మొదలైతే ఆసుపత్రికి తీసుకెళ్లారు."

"ఏ ఆసుపత్రి? పెద్ద డాక్టరు నాకు తెలుసు. ఇప్పుడే ఫోన్ చేస్తాను. నా ఫోనేది?"

"కూర్చో."

"ఒక్క మాట చెప్తే చాలు, దగ్గరుండి చూస్తారు—"

"కూర్చోరా. ఇంక డాక్టరేం చేస్తాడు? తెల్లారకముందే ఇంటికి తెచ్చేశారు. నువ్వింకా లేవలేదు. మెట్ల నిండా అడుగుల చప్పుళ్లు, ఏడుపులు."

"అమ్మా!"

"నేను చెప్పకపోలేదురా. అది పేపరు చదివి వినిపించాక కూడా రెండు చేతులూ పట్టుకుని చెప్పాను, మనింట్లో డబ్బా నీళ్లు పట్టుకెళ్లవే అన్నాను. 'సారే రాశారు కదా మామ్మగారూ' అంది. నా మాట నమ్మలేదు. నీ మాటే నమ్మింది."