రానివారినీ లెక్కించిన అనూరాధ గారు

1988 ఆగస్టు 17వ తేదీ, బుధవారం ఉదయం, గరివిడి సమీపంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా విధుల్లో చేరిన శ్రీమతి గేదెల అనూరాధ గారు, ముప్పై ఆరు సంవత్సరాల పది నెలల సేవానంతరం, ఈ 2025 జూన్ 30న మన ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. వరి, నువ్వులు పండించే ఇంట్లో హైస్కూలు దాటిన మొదటి ఆడపిల్ల ఆమె. చేరిన రోజున అక్కడ కుర్చీ లేకపోతే మందుల పెట్టె మీద కూర్చుని రిజిస్టరు రాశారట.

1997లో శ్రీకాకుళానికి బదిలీ అయి మన శస్త్రచికిత్స విభాగంలో చేరిన నాటి నుంచి, షుగరు పుండ్లతో వచ్చేవారికి కట్టు కట్టే బాధ్యత క్రమంగా ఆమె చేతికి వచ్చింది. పుండు కడిగేటప్పుడు ఆమె తొందరపడరు, విసుక్కోరు. ఆమె హస్తవాసి మంచిదన్న పేరు తీరంలోని మత్స్యకార పల్లెల దాకా పాకింది. 2006లో హెడ్ నర్సు అయ్యారు.

2013లో ఆమె తన పనిని పరీక్షకు పెట్టుకున్నారు. కాలిపుండుతో వచ్చిన నూట ఇరవై మందికి కొత్త పద్ధతిలో కట్లు కట్టి, పాదాల జాగ్రత్తలు నేర్పి, మానకపోతే పన్నెండో వారంలో తప్పక రమ్మన్నారు. నలభై తొమ్మిది మంది వచ్చారు. వారిలో ముప్పై ఏడుగురు మానిన కాలు చూపించి వెళ్ళడానికే వచ్చారు, పన్నెండు మందికి మానలేదు. తక్కిన డెబ్బై ఒక్క మంది రాలేదు. మానితే ఎందుకు వస్తారు? అందరం అలాగే అనుకున్నాం, ఆమె కూడా అలాగే అనుకున్నారు. నూట ఎనిమిది మందికి మానినట్టు నివేదిక తయారైంది. విశాఖపట్నం సదస్సులో చదవడానికి పిలుపు వచ్చింది. ఆమె పదోన్నతికి ఆ నివేదికే ఊతం. అదే పద్ధతిని ఇతర ఆసుపత్రుల్లోనూ అమలు చేయాలన్న ప్రతిపాదన సంతకానికి సిద్ధంగా ఉంది.

ఆ వారంలోనే ఒక ఆదివారం, భర్త దేవేంద్ర గారితో స్కూటరు మీద శ్రీకూర్మం వెళుతూ, దారిలో ఒక కూడలి దగ్గర చేపల గంప ముందు కూర్చున్న బుల్లమ్మను ఆమె గుర్తుపట్టారు. మానిన నూట ఎనిమిది మందిలో బుల్లమ్మ ఒకరు. మేడమ్ గారిని చూడగానే ఆవిడ చీర కుచ్చిళ్ళు పాదం మీదికి లాక్కున్నారు.

“బుల్లమ్మా, కాలెలాగున్నాది?”

“నీ దయవల్ల బాగున్నాదమ్మ.”

“ఆ కట్టేటి మరి?”

“ఏటీ నేదమ్మ. సందువా సేప తీసుకో, తాజాగున్నాది.”

అనూరాధ గారు అక్కడే మట్టిలో కూర్చుని కుచ్చిళ్ళు తప్పించి చూశారు. పుండు మునుపటికన్నా లోతుగా ఉంది. కట్టు ఇంకెవరో కట్టినది.

“మానకపోతే రమ్మన్నాను కదా! ఎందుకు రాలేదు?”

“ఏటని వస్తానమ్మ? నీ సెయ్యి మంచిదని మా పేటంతా సెప్పుకుంతారు. నీ కాడ కట్టించుకున్నా మాన్నేదని నలుగురి ముందల నీ గది కాడ కూకుంటే, నీ పేరేటవుతాది సెప్పు? అందుకే ఎవులికీ సెప్పకుండా ఇంకో డాట్రు కాడికి పోతన్నాను. మా పక్కింటి అప్పలసూరీ అంతే. ఆడికి కాలేలు తీసీసినారు.”

అప్పలసూరి పేరు కూడా మానినవారి జాబితాలోనే ఉంది. అనూరాధ గారు ఆ మాట దాచలేదు; రానివారందరికీ మానినట్టు రాసుకున్నామని ఆవిడతోనే చెప్పేశారు.

బుల్లమ్మ గట్టిగా నవ్వారు. “సోద్దెం! రాకపోతే మానిపోనాదని రాసీసుకున్నావేటి? నా కాడ సేపలు కొననోల్లందరూ కడుపునిండా తిన్నోల్లని నానూ రాసీసుకోనా మరి?”

దేవేంద్ర గారు నవ్వు ఆపుకోలేకపోయారు. అనూరాధ గారు నవ్వలేదు. తనను అభిమానించినవారే తనకు దూరంగా వెళ్ళి కుంటుతున్నారనీ, తన పేరు ఎంత పెరిగితే తన లెక్క అంత తప్పుతుందనీ ఆమెకు అక్కడ మట్టిలో కూర్చుని ఉండగానే అర్థమైంది.

సోమవారం ఉదయం గణాంక సహాయకుడు ఈశ్వర్ గారితో, “నివేదిక వెనక్కి తీసుకుందామండి,” అన్నారు.

“మేడమ్, మీ ప్రమోషన్ ఫైలు దాంతోనే కదలాలి. ఇప్పుడు ఆపితే మళ్ళీ ఎప్పటికో!”

“అప్పలసూరికి వేలు మళ్ళీ ఎప్పటికి వస్తుందండీ?”

ఈశ్వర్ గారు రానివారి చిరునామాల జాబితా తీసిచ్చారు. ఐదు ఆదివారాలూ ఇతర సెలవు దినాలూ ఆమె డెబ్బై ఒక్క ఇళ్ళూ తిరిగారు. పెళ్ళయ్యాక తాను ఇంత సముద్రతీరం చూసింది అప్పుడేనని దేవేంద్ర గారు ఇప్పటికీ అంటుంటారు. ముప్పై ముగ్గురికి నిజంగానే మానింది. ఇరవై ఆరుగురికి మానలేదు. ముగ్గురికి వేళ్ళు తీసేశారు. తొమ్మిది మంది చేపల వేటకు గుజరాత్ వెళ్ళారు. వారి పేర్ల ఎదుట ఆమె ‘తెలియదు’ అని రాశారు. మానినవారి లెక్క నూట ఎనిమిది నుంచి డెబ్బైకి దిగింది.

సమీక్షా సమావేశంలో నాటి వైద్యాధికారి నరసింగరావు గారు సానుభూతితోనే ఒక దారి చూపారు. “వచ్చిన నలభై తొమ్మిది మందినే తీసుకోండమ్మా. నూటికి డెబ్బై ఐదు వస్తుంది. తప్పేమీ లేదు.”

“ఉందండి. మానని వాళ్ళు చాలామంది మొహమాటంతో రాలేదు. వచ్చినవాళ్ళనే లెక్కపెడితే, కట్టు సంగతి కాదు, మొహమాటం లేనివాళ్ళు ఎందరో మాత్రమే తేలుతుంది సార్.”

సదస్సులో ఆ నివేదిక చదవలేదు. పదోన్నతి మూడేళ్ళు ఆలస్యంగా, 2016లో వచ్చింది. బుల్లమ్మ మళ్ళీ మన గదికే వచ్చారు. ఆ కాలు మానడానికి ఏడు నెలలు పట్టింది.

నాటి నుంచి మన ఆసుపత్రిలో కట్టు కట్టిన నర్సు ఫలితం అడగరు, వేరొకరు అడుగుతారు. రానివారి ఇంటికి మనిషి వెళతారు. ఇళ్ళకు వెళ్ళినప్పుడే మరొకటి బయటపడింది: పుండున్న కాలితోనే ఆడవాళ్ళు ఉప్పునీటిలో గంటల తరబడి నిలబడుతున్నారు. నీరు చేరని ఎత్తు చెప్పులు ఇచ్చి, 2018లో మరో నూట ఇరవై మందితో ఆమె రెండో అధ్యయనం చేశారు. ఎనభై మూడు మందికి మానింది. మొదటి అబద్ధపు లెక్కకన్నా ఇరవై ఐదు తక్కువ. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు ఆమె ముఖం చూసినవారు దానిని తక్కువ అనలేరు. ఆ పద్ధతే నేడు ఇతర ఆసుపత్రుల్లోనూ అమలవుతోంది. ఏ పరిశోధనా పత్రం చేతికిచ్చినా ఆమె వద్ద శిక్షణ పొందిన నర్సులు ముందు వెతికేది, మధ్యలో తప్పిపోయినవారు ఏమయ్యారన్న విషయమే.

జూలై ఒకటి నుంచి ఆమె ఆసుపత్రికి రారు. రావడం లేదు గనుక కులాసాగా ఉన్నారని మేము రాసుకోము. అరసవల్లిలోని వారింటికి వెళ్ళి కళ్ళారా చూస్తాము. మొహమాటానికి బాగున్నానంటే నమ్మము. తొంభయ్యో ఏట కూడా, మేము పిలిచినప్పుడు, అనూరాధ గారు తన కాళ్ళతో తానే నడిచివచ్చి తలుపు తీయాలని, వెనక నుంచి దేవేంద్ర గారు “ఎవరే?” అని గట్టిగా అడగాలని, సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాము.