రేకుగుడి మలుపు

శనివారం సాయంత్రం. పట్నం నుంచి ఊరికెక్కే కొండదారిలో ఆఖరి మలుపు దగ్గర, నడిరోడ్డు మీద ఆగిపోయిన కారు. స్టీరింగు ముందు అర్ఘిరో. పక్కన ఆవిడ అత్తగారు పొలిక్సేని, ఒళ్ళో దీపం నూనె సీసాతో. ఎదురుగా రోడ్డు మీద పిల్లి కూడా లేదు. మలుపు పక్కన, కొండరాయిని ఆనుకుని, కమ్మీ మీద నిలబెట్టిన డబ్బాలాంటి చిన్న రేకుగుడి, లోపల దీపం పెట్టేది, ఉందంతే.

"చూశారా అత్తయ్యా? నేను కథలు చెబుతున్నానన్నారు. ఇప్పుడు మీ కళ్ళతోనే చూశారు."

"నూనె ఒలికింది."

"నూనె సంగతి తర్వాత. నా కాలు ఎక్కడుందో చూడండి. బ్రేకు మీద ఉందా? లేదు. నేను తొక్కలేదు, అదే తొక్కుకుంది."

"ఉన్న ఒక్క మంచి నల్లగౌనూ నూనె పాలైంది. రేపు చర్చికి ఏం వేసుకోవాలి?"

"ముందు ఇది చెప్పండి. ఎర్రగా వెలగడం చూశారా, లేదా?"

"చూశాను. కీచుమని కూసింది కూడా. ఈ సీటు పట్టీ ఒకటి, గుండె పట్టేసింది. కారా ఇది, ఉరితాడా?"

"నాకు రోజూ ఇదే. పొద్దున పనికి దిగేటప్పుడు నోరెత్తదు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు మాత్రం, సరిగ్గా ఇక్కడికి రాగానే, ఎదురుగా మనిషి నిలబడ్డట్టు..."

"నిలబడే ఉన్నాడుగా."

"అత్తయ్యా."

"నీకు కనబడడు. నీ కారుకి కనబడుతున్నాడు. నా కొడుకు పోయి ఐదేళ్ళు. ఈ దారినే పోతావు, వస్తావు. ఒక్క శనివారం నీ అంతట నువ్వు ఆగి వాడికి దీపం వెలిగించావా? కారుకున్న పాటి జ్ఞానం..."

"దానికి కనబడుతోంది లాంబ్రోస్ కాదు. ఆయన పేరు మీద మీరు పెట్టించిన ఈ రేకుగుడి. మెకానిక్ సోతిరిస్ నా పక్కన కూర్చుని మూడుసార్లు ఎక్కీ దిగీ చూశాడు. రోడ్డు ఎడమకి తిరిగేముందు ఈ రేకు సరిగ్గా కారు ముక్కుకి ఎదురొస్తుంది. రోడ్డు తిరుగుతుందని, తనంతట తనే బ్రేకు వేసే ఆ యంత్రానికి తెలీదు. మనిషో, బండో అడ్డమొచ్చిందనుకుని ఆపేస్తుంది."

"అంత తెలివితక్కువ యంత్రాన్ని పీకి పారెయ్యమను."

"పీకేది కాదట. ఆపితే ఆగుతుంది, మళ్ళీ తాళం తిప్పగానే మొదలు. రోజూ ఆపుకోవచ్చు, నాకు చేతకాక కాదు. అసలు ఆ యంత్రం కోసమేగా వేరే కారు చూడకుండా ఇదే కొన్నాను? మేకలు అడ్డొస్తాయి, పిల్లలు అడ్డొస్తారు. లాంబ్రోస్ కారుకి ఇలాంటిది ఉండుంటే..."

"లాంబ్రోస్‌కి తొందర లేకుండా ఉండుంటే చాలేది."

"ఏమన్నారు?"

"ఏమన్నాను? ఉన్నమాటేగా. వెనక ఎవరో హారన్ కొడుతున్నాడు, పక్కకి తియ్యి."

"తీస్తున్నా. వీడు నయం, హారన్ కొట్టే తీరికైనా ఉంది. గురువారం ఆ సిమెంటు లారీవాడికి అదీ లేకపోయింది. నేను ఆగాను, వాడు ఆగలేదు. డిక్కీకి తాడు కట్టుకు తిరుగుతున్నాను. ఫోతినికి పన్ను విరిగింది."

"పాలపన్నేగా."

"ముందుపన్ను, అత్తయ్యా. ఎనిమిదేళ్ళ పిల్లకి అది ఇంక రాదు. మీ మనవరాలి నోట్లోకి ఒకసారైనా చూశారా?"

"లారీవాణ్ణి కడిగెయ్యాల్సింది."

"కడిగాను. వాడేమన్నాడో తెలుసా? 'ఖాళీ రోడ్డు మీద నువ్వెందుకు ఆగావమ్మా, నేనేమన్నా జోస్యుణ్ణా?' అన్నాడు. నాన్నా పులి కథ అయిపోయింది నా బతుకు. రేపు నిజంగానే ఎవరి బిడ్డో అడ్డొస్తుంది. ఇది కీచుమంటుంది. 'ఆ, రేకేలే' అనుకుని నేనే తొక్కుకుంటూ పోతాను. నా భయం అదీ."

"మెల్లగా నడిపితే ఏ గొడవా ఉండదు."

"నత్తలా నడిపినా ఆపుతోంది. నేను ఎంత చెప్పినా మీకు చెవిటివాడి ముందు శంఖమే. సరే, అసలు మాట చెబుతాను వినండి. సోమవారం సోతిరిస్ గునపం తీసుకుని వస్తానన్నాడు. ఈ గుడిని రోడ్డుకి అటుపక్క, లోయ వైపు పాతేస్తాడు. అక్కడ బోలెడు చోటుంది. గట్టిగా పది అడుగుల దూరం."

"ఎవర్నడిగి?"

"మిమ్మల్నే అడుగుతున్నాను. పాదిరిగారిని కూడా అడిగాను. 'ముసలావిడ సరేనంటే వచ్చి మంత్రజలం చల్లుతాను, ఆవిడ కాదంటే మేకు కూడా ముట్టుకోనివ్వను' అన్నాడు. మీ ఒక్క మాట చాలు."

"అటుపక్కకి వద్దు."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు."

"పోనీ కొంచెం వెనక్కి?"

"వెనక కొండరాయి. దాంట్లోకి దూరుస్తావా?"

"అందుకేగా అటుపక్క అంటున్నాను. అసలు ఆయన కారు దొరికింది అటు లోయలోనే కదా. ప్రాణం పోయిన చోటని మీరు పట్టుబట్టేదైతే, ఆ చోటు అటే."

"చక్రాలు జారింది ఇక్కడ. ఊరికి ఎక్కుతూ ఎక్కుతూ ఇక్కడ జారి, రోడ్డుకి అడ్డంగా పోయి అక్కడ పడ్డాడు. మా తమ్ముడు టైర్ల గీతలు చూశాడు. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"మీ తమ్ముడు చూశాడు, మీరు చూశారు. నన్ను రానిచ్చారా? చివరి చూపుకి కూడా చర్చిలోనేగా చూపించారు."

"నీ మంచికే."

"నా మంచికి చేసినవి చాలు. అటుపక్క పెడితే వచ్చే నష్టమేంటో చెప్పండి."

"చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారు?"

"ఏమీ లేదు. చీకటి పడకముందే దీపం వెలిగించనీ. తలుపు తియ్యి."

"తియ్యను. ఇవాళ తేలాల్సిందే."

"తల్లిని, నా కొడుకుకి దీపం పెట్టుకోవడానికి నీ అనుమతా?"

"ఆయన పోయిన రోజు పిల్ల పేరుపండగ, దాని పేరున్న పునీతురాలి రోజు. ఇంటినిండా చుట్టాలు. మాంసం చల్లారిపోతోంది, పిల్ల నాన్న ఏడని ఏడుస్తోంది. నేనే ఫోన్ చేశాను, ఒప్పుకుంటున్నాను. 'ఎక్కడ చచ్చావు, త్వరగా రా' అన్నాను. అందరూ అనే మాటే. నా నోట వచ్చిన రోజున నిజమైంది. 'దారిలో ఉన్నా, వస్తున్నా' అన్నాడు. ఆయన గొంతు వినడం అదే ఆఖరు."

"ఇప్పుడెందుకు అవన్నీ?"

"ఎందుకంటే ఐదేళ్ళుగా మీరు వదలడం లేదు గనక. ఉప్పు ఎక్కువైనా 'తొందర', పాలు పొంగినా 'తొందర'. మీరు పొడుస్తూనే ఉన్నారు, నేను పడుతూనే ఉన్నాను. తప్పు నాదే అనుకున్నాను గనక పడ్డాను. ఇకముందూ పడతాను. మధ్యలో పిల్లేం చేసింది?"

"పిల్లనేమన్నాను నేను?"

"నిన్న రాత్రి పక్కలో పడుకుని అడిగింది. 'అమ్మా, నాన్నకి నీమీద కోపం కదా, అందుకే మన కారు ఆపుతున్నాడు కదా' అని. ఎవరు చెప్పారే అంటే నానమ్మ అంది. 'నువ్వు తొందరపెట్టావు గనకే నాన్న పోయాడట. సారీ చెప్పెయ్యమ్మా, ఇంక నా పళ్ళు విరగ్గొట్టడు' అంది."

"నేను దానికి చెప్పలేదు. మా చెల్లెలితో అంటుంటే విన్నదేమో."

"ఎలా వింటేనేం? తండ్రి తన పళ్ళు విరగ్గొడుతున్నాడని అనుకుంటోంది, అత్తయ్యా. ఆ పిల్లకి నేనేం చెప్పాలి? మీరే చెప్పండి. కావాలంటే నన్ను తిట్టండి."

"ఇంజను ఆపు."

"ఆపాను."

"అటుపక్కకే మార్పించు."

"ఏంటి?"

"సోతిరిస్‌ని సోమవారం రమ్మను. అటుపక్క, కొండ దిగే బండ్లు పోయే వైపు. దాని చోటు అదే."

"ఇందాకటిదాకా వద్దన్నారు. చక్రాలు జారింది ఇక్కడని..."

"ఇక్కడేమీ జారలేదు. గీతల్లేవు. మా తమ్ముడు నేను చెప్పమన్నది చెప్పాడు."

"ఎందుకు చెప్పించారు?"

"నా కొడుకు ఇంటికొస్తూ పోయాడని ఊరు అనుకోవాలని. నువ్వూ అనుకోవాలని. ఒకసారి అన్నాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను. నీమీద అరిస్తే కాస్త ఊపిరాడేది. పాపం నాది."

"అత్తయ్యా, మీరేమంటున్నారో నాకు అర్థం కావడం లేదు. దారిలో ఉన్నానని ఆయనే అన్నాడు. నా చెవులతో విన్నాను."

"నువ్వు ఫోన్ చేసినప్పుడు వాడు పైన ఊళ్ళోనే, నా వంటింట్లో ఉన్నాడు, సర్దుకున్న పెట్టె పక్కన పెట్టుకుని. నీతో వస్తున్నానన్నాడు, నన్ను ముద్దుపెట్టుకున్నాడు, పెట్టె తీసుకుని కొండ దిగాడు. వాడు ఇంటికి రావడం లేదమ్మా. మనల్ని వదిలేసి పోతున్నాడు."