నాలుగో పుల్ల

ప్రమీల వదినా, ఓ వదినా, జర ఇటు రా. నా పెట్టె మీద మిరపకాయ బస్తాలు ఎవరు పెట్టిండ్రు? బట్టలన్నిటికీ ఘాటు పట్టింది. ఈ ఇంట్ల నేను బతికే ఉన్ననని ఎవరికన్న యాదికున్నదా?

ఇగో, ఇది చూడు. నవ్వకు. సంచి కాదు, సాక్సు. మడమ దగ్గర ఆగిపోయింది. గోదారి పుష్కరాల ఏడు మొదలుపెట్టిన. మూడేండ్లాయె.

హాస్టల్ల సిస్టరమ్మ నేర్పిన అల్లిక. పుల్లలా? ఏన్కూరుల జహూర్ భాయ్ సైకిల్ దుకాణం నుంచి చక్రం పుల్లలు తెచ్చుకున్న. నాలుగింటికీ కొసలు ఒక్కతీరుగ అరగదీసి ఇచ్చిండు, పాపం. ఉన్ని కోసం నా స్వెట్టరే విప్పిన. గోప్యా కోసం.

ఆ పేరు వినంగనే మొకం గట్ల పెట్టకు. నీ మొగని కన్ను పొడిచినోడనే కదా నీకెరుక. నువ్వు కాపురానికొచ్చి ఏడాది. మా అన్న ఏది చెప్తే నీకు అదే నిజం.

గోప్యా టేకు ప్లాంటేషన్ల వాచర్. ఇచ్చిన బూట్లు పెద్దయి, లోపల సాక్సు లేవు. మడమలు ఒరుసుకపోయి నెత్తురు కారేది. నన్ను చూస్తే మాత్రం కుంటకుండ నడిచేటోడు. నా పిచ్చి మనసుకు గది చాలదా? ఒకటి అల్లి నా చేత్తోనే తొడిగిన. రెండోది అతని పక్కన కూసోని అల్లేదాన్ని.

ఓ మిట్టమధ్యాహ్నం అన్న వచ్చిండు. గోప్యా తన దొంగ దుంగల బండి పట్టిచ్చిండని కోపం ఒకటి, చెల్లె పక్కన కూసున్నడని ఇంకోటి. గొడ్డలి తిరగేసి కర్ర కామతోని మూతి మీద కొట్టిండు. పండ్లు రాలినయి వదినా, ఇప్పపూలు రాలినట్టు. కిందపడ్డంక మెడ మీద కాలేసి తొక్కిండు. టేకాకుల మీద నెత్తురు పడ్డ చప్పుడు నేను విన్న. గప్పుడు గొడ్డలి మళ్ళ తిప్పి, అంచు కిందికి పెట్టిండు.

ఏం, నమ్మవా? నమ్మకు. మిగిలింది ఇను.

అన్న పందిలెక్క అరిచిండు. జనం ఉరికొచ్చిండ్రు. గోప్యా సైకిల్ పుల్ల పీకి తనని పొడిచిండని చెప్పిండు. నేను నోరు తెరిచే లోపల గోప్యా, పండ్లు లేని నోటితోని, నా దిక్కే చూసుకుంట "అవ్, నేనే" అన్నడు.

వరంగల్ జైల్ల పడ్డడు. అతని సైకిల్ చక్రాలల్ల పుల్ల ఒక్కటి తక్కువ లేదు. ఎవరు లెక్కబెట్టిండ్రు?

నేనేం చేసిననో ఎరుకనా? మురిసిన. నా కోసం జైలుకు పోయేటోడు దొరికిండని ఏడ్చుకుంట మురిసిన. రేడియోల పాటలన్నీ మా ఇద్దరికే అనుకున్న. గట్ల మురిసి మురిసి ఈ సాక్సును మరిచిపోయిన. తర్వాత మనిషినే మరిచిన.

నిన్న అంగట్ల వాళ్ళమ్మ బాలి ఎదురైంది. తిడుతదనుకున్న. తిట్టలే. "జైలుకు ములాఖత్‌కు పోయిన బిడ్డా. వాడు ఒక్క కాలికే తొడుక్కొని ఉన్నడు. రెండోది అయిందా అని అడగమన్నడు" అన్నది. గంతే.

అందుకే పొద్దుగాల పెట్టె దించిన. అల్లుదామని కూసున్న, ఒక్క కుట్టు పడలే. చూడు, మూడు పుల్లలు కుట్లను పట్టుకొని నిలబడతయి. అల్లేది నాలుగోది. ఇందుల మూడే ఉన్నయి, లెక్కబెట్టు. నాలుగోది కేసు సాక్ష్యంగ పోలీసోళ్ళ కాడుంది. తెచ్చి వీటి పక్కన పెట్టి కొసలు తడిమితే గుడ్డోనికి కూడ తెలుస్తది.

నా నోరు మూయకు వదినా. చెయ్యి తియ్యి. కిరాయి ఆటో ఆపి పెట్టిన, ఠాణాకు పోతున్న. అన్న బావి కాడ ఉన్నడా? ఉండని, వినని. అక్కడ చెప్పేది ముందుగాల ఈ వాకిట్లనే చెప్త.

గోప్యా కాదు. మా అన్న కన్ను పొడిచింది నేను.