బాఖ్ గారికి డాఫొడిల్ దండ

మీకేం బాఖ్ గారూ, గోడ మీద హాయిగా ఉన్నారు! గిన్నెలన్నీ నాకే మిగిలాయి. అవునూ, ఆ విగ్గులో ఉక్క పొయ్యదూ?

మిమ్మల్ని ఈ ఇంటికి తెచ్చింది మా ఆయన, పద్మనాభం గారు. పక్కింటి పెద్దాయన పోయారు. కోవిడ్ రోజులు కదా, అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. మిగతా పోర్ట్‌లీష్ ఊరంతా చర్చి వెబ్‌క్యామ్‌లో చూసి కళ్ళు తుడుచుకుంటుంటే ఈయన, "దమయంతీ, ఆ ఆర్గన్ విన్నావా! బాఖ్ అట, మూడొందల ఏళ్ళ కిందటి సంగీత విద్వాంసుడట!" అన్నారు. మర్నాటికి మీ ఫోటో ప్రింటయింది. ప్రెస్‌లో, అదే ఇక్కడివాళ్ళ మాటలో అల్మరాలో, దేవుళ్ళ పక్కనే పెడతానంటే నేనే ఒప్పుకోలేదు. ఏమీ అనుకోకండి.

ఈయనకు సంగీతం వచ్చా అంటారా? స్మోక్ అలారం మోగినా తొడ మీద తాళం వేస్తారు.

అలాంటి మనిషి మీ పుట్టినరోజుకు ఆరాధన పెట్టారు! త్యాగరాజస్వామికి చేసినట్టే, అందరూ కలిసి పాడాలట. ఇల్లు వదిలి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డులు, అదే ఐరిష్ పోలీసులు, ఆపుతున్నారు గనక జూమ్‌లో. "చివర్లో నీ కీర్తన. నువ్వొక్కదానివే," అన్నారు నాతో. పెళ్ళయ్యాక నేను నలుగురి ముందు పాడింది లేదు. రోజూ సాధన చేశాను. పట్టుచీర కట్టాను. నవ్వకండి.

ముందు బృందగానం. అన్ని ఊళ్ళ తెలుగువాళ్ళూ ఒక్కసారిగా అందుకున్నారు. కార్క్‌లో కృష్ణవేణి చరణంలో ఉంటే, షానన్‌లో గిరీష్ ఇంకా పల్లవి దాటలేదు. డాక్టర్ సుబ్బారావు గారు అందరికన్నా ముందే ముగించి, కెమెరా ముందే ఇడ్లీ తింటున్నారు. పరువు పోయిందనుకున్నాను. మా ఆయన మాత్రం, "ఇదేనండీ ఫ్యూగ్! ఒక గొంతు వెనక ఇంకో గొంతు! బాఖ్ గారు చేసిందీ ఇదే!" అన్నారు.

మీకు కోపం రాలేదూ? ఓపికమంతులే.

తర్వాత మీ జీవితచరిత్ర. కొన్నేళ్ళు ప్రతి ఆదివారం చర్చికి కొత్త పాట కట్టారంటే ఒక్కరూ కదల్లేదు. ఇరవైమంది పిల్లలనగానే చప్పట్లు! ఇక ఈయన ఆగుతారా?

మీ రెండో ఆవిడ ఊసు మాత్రం రాలేదు. అదే, అన్నా మగ్దలేనా గారు. మంచి గాయనట. కూర్చుని మీ పాటలు ఎన్నో కాపీ చేసిందట. మీరు పోయాక మీ కాగితాలు కొడుకులు పంచుకున్నారు, ఆవిడ ధర్మం మీద బతికింది. నాకెలా తెలుసంటారా? ఉపన్యాసం టైపు చేసింది నేనేగా. ఆ ముక్క, "టైం చాలదు" అని ఈయన కొట్టేశారు.

"ఇప్పుడు మా శ్రీమతి..." అన్నారు చివరికి. శ్రుతి పెట్టె నొక్కి నోరు తెరిచాను. జూమ్ ఆగిపోయింది! ఫ్రీ జూమ్ కదా, నలభై నిమిషాలే.

"పోనీలే, వచ్చే ఏడు పాడుదువు. ప్రోగ్రాం మాత్రం గ్రాండ్!" అన్నారు.

అందుకే మీ దగ్గరికొచ్చాను. మీకు మ్యూట్ లేదు, లింకు పోదు. మెళ్ళో ఆ పచ్చటి డాఫొడిల్ పూల దండ కూడా నేను కట్టిందే. కాస్త వినండి...

"దమయంతీ! అసోసియేషన్‌కి రిపోర్టు పంపాలి, వచ్చి టైపు చెయ్యి!"

వస్తున్నానండీ!

విన్నారుగా. మీ రెండో ఆవిడా ఇలాగే సగంలో లేచి వెళ్ళేదా? మీరు చెప్పర్లెండి.

ఏదీ, ఆ దండ ఇలా ఇవ్వండి. ఆవిడకు వేద్దామంటే బొమ్మ ఒక్కటీ మిగల్లేదట. నా జడలోనే పెట్టుకుంటాను.