లేబులు మాట నమ్మని ప్రమీలాదేవి గారు

1993 ఆగస్టు 2వ తేదీన హైదరాబాదులోని ఒక రసాయన ప్రయోగశాలలో సహాయ విశ్లేషకురాలిగా ఉద్యోగ ప్రస్థానం ఆరంభించిన శ్రీమతి ప్రమీలాదేవి గారు, సిద్దిపేటలో మా విష నిర్ధారణ కేంద్రం తలుపులు తెరచిన నాటి నుంచి దానికి అధిపతిగా, మాకు పెద్దక్కగా, అవసరమైతే చెవి మెలిపెట్టే పంతులమ్మగా సేవలందించి, నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

వానాకాలంలో పత్తిచేను మందులు, వేసవిలో కూల్‌డ్రింకు సీసాల్లో దాచిన కిరోసిన్, పరీక్షా ఫలితాల వేళ ఎలుకల మందు. ఏ రుతువులో ఏ విషం గడప తొక్కుతుందో వారికి కంఠతా వచ్చు. అందుకే ముందుగానే కుకునూరుపల్లి, జగదేవ్‌పూర్ రైతుల వద్దకు వెళ్లి, "మనిషితోపాటు మందు డబ్బ గూడ తేవాలె" అని బోధించేవారు. తీరా డబ్బా వచ్చాక దాని మీది రాతను మాత్రం నమ్మేవారు కాదు. "లేబులు సాక్షే గాని జడ్జి కాదు" అనేవారు. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం.

నారాయణరావుపేట రైతు పోశయ్య గారు చేనులో మందు కొడుతూ స్పృహ తప్పిన రోజున ఆ నవ్వు ఆగిపోయింది. ఆయన భార్య లింగవ్వ గారు డబ్బా చంకన పెట్టుకునే వచ్చారు. దాని మీద విరుగుడు లేని గడ్డి మందు పేరుంది. రోగి లక్షణాలు ఆ పేరుతో పొసగక వైద్యులు తటపటాయిస్తుండగా, ప్రమీలాదేవి గారు రోగి రక్తాన్నీ, డబ్బా అడుగున మిగిలిన చుక్కలనూ పరీక్షకు పెట్టించి, లింగవ్వ గారి పక్కన కూర్చున్నారు.

"అవ్వా, గిండ్ల వేరే మందేమన్న పోసిన్రా?"

"ఔ మేడం, పక్క చేనోళ్లు పురుగుల మందిస్తే గిండ్లనే పోసిన. మంచి డబ్బ, ఎట్ల పారేస్తం?"

పరీక్ష కూడా అదే తేల్చింది. విరుగుడున్న విషమే! ఆ కబురు చెప్పడానికి, ఎన్నడూ తొణకని మేడం వార్డుకు పరుగున వెళ్లారు. పోశయ్య గారు బతికి బట్టకట్టారు. డబ్బా మార్చినందుకు లింగవ్వ గారికి పడిన చీవాట్లు మాత్రం వరండా దాకా వినిపించాయి.

మొన్న ఆ దంపతులు మేడం కోసం నెయ్యి తెచ్చారు. అలవాటు చొప్పున మేడం, "ఇది దేని డబ్బా?" అన్నారు.

"కొత్త స్టీల్ డబ్బ మేడం!" అని లింగవ్వ గారు నొచ్చుకోబోతే, పోశయ్య గారు అందుకున్నారు.

"పొద్దుగాల నేను తినే వచ్చిన మేడం. సూడున్రి, ఇంక బతికే ఉన్న!"

ప్రయోగశాల నవ్వులతో మోగిపోయింది. మేడం మొదటిసారి పరీక్ష లేకుండానే మూత తీశారు. ఆ నెయ్యి వేడి అన్నంలో కరిగే పూటలు, మనవరాలు కృతికకు గోరుముద్దలు తినిపించే తీరికలు వారికి నిండుగా దక్కాలనీ, ఆయురారోగ్యాలతో నూరేళ్లూ మా చెవులు ఇలాగే మెలిపెడుతూ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.