ఇంజను ఆపాక

తార్నూఫ్ ఊరి చివర, జెనోన్ కార్లు బాగుచేసే షెడ్డు. నవంబరు, గురువారం మధ్యాహ్నం.

"అదంతా నాకొద్దు జెనోన్ గారూ. మా ఆయన కారుకి మీరేమేం చేశారో అవన్నీ పీకేయండి. అంతే."

"ముందు కూర్చోండి హలీనా గారూ. టీ పెట్టమంటారా? నిమ్మకాయ కూడా ఉంది."

"టీ కోసం రెండు బస్సులు మారి రాలేదు నేను."

"మీరొచ్చినట్టు లుద్విక్‌కి తెలుసా?"

"తెలీదు. తెలియకూడదు. కంపెనీ రంగు డబ్బాలు అమ్మడానికి జెషూఫ్ వెళ్ళాడు. అడిగినదానికి చెప్పండి. ఏమేం చేశారా కారుకి?"

"పెద్దగా ఏం లేదండీ. ఏదో కొంచెం."

"కొంచెం అంటే?"

"కొంచెం అంటే కొంచెమే. కంపెనీ వాళ్ళిచ్చిన డీజిలు కారు, దాని సంగతి మీకు తెలిసిందేగా. మిట్ట ఎక్కాలంటే ముక్కుతూ మూలుగుతూ ఎక్కేది. ఇంజను కంప్యూటర్లో నాలుగు అంకెలు అటూ ఇటూ చేశాను. నూట పదిహేను గుర్రాల బలమున్న బండి నూట యాభై గుర్రాల బండి అయింది. పైగా డీజిలు తక్కువ తాగుతోంది. అందులో తప్పేముంది?"

"గుర్రాల గోల నాకెందుకు. సీటు సంగతి చెప్పండి."

"సీటా? మా బావమరిది జర్మనీ నుంచి గుద్దుకున్న కారొకటి తెచ్చాడు. ఎవరో డాక్టరు గారిది. ముందు భాగం నుజ్జునుజ్జు, సీటు మాత్రం పెళ్ళికూతురిలా ఉంది. లుద్విక్ నడుం నొప్పి అంటున్నాడు కదాని..."

"ఆ డాక్టరు బతికే ఉన్నాడా?"

"నిక్షేపంలా ఉన్నాడు. కొత్త కారు సీటే పడట్లేదట, పాపం."

"ఇంకా?"

"తలుపుల్లో, కాళ్ళ కింద దళసరి ఉన్ని పరిచాను. చప్పుడు లోపలికి రాకుండా."

"ఇంకా?"

"షాకబ్జార్లు మార్చాను. గోతిలో పడ్డా తెలీదిప్పుడు."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"జెనోన్ గారూ."

"హీటరొకటి పెట్టాను. ఇంజను ఆపేసినా నడుస్తుంది. చలికాలం కదా."

"అదీ. అదే నా కొంప ముంచింది."

"హీటరు కొంప ముంచడమేంటండీ?"

"మీరా గుర్రాలు కట్టకముందు మా ఆయన ఆరున్నరకి ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడెన్నింటికొస్తున్నాడో చెప్పుకోండి చూద్దాం."

"ఆరింటికి. దారి ఖాళీగా ఉంటే ఇంకా ముందే."

"ఏడున్నరకి."

"ఛ, అలా ఎలా అవుతుంది? డీజిలు ఖర్చు మనది కానప్పుడు కంపెనీ కారుని మించి పరిగెత్తే కారు లోకంలో లేదని మనవాళ్ళు ఊరికే అంటారా? అందులో నా చెయ్యి పడ్డ కారు."

"కారు ఆరింటికే వస్తుంది. మా బ్లాకు కిందే ఆగుతుంది. నాలుగో అంతస్తు కిటికీలోంచి నేను చూస్తూనే ఉంటాను. ఇంజను ఆగుతుంది, దీపాలు ఆరతాయి, మనిషి మాత్రం దిగడు. గంటన్నర. రోజూ."

"ఫోన్లు మాట్లాడుకుంటున్నాడేమో. అమ్మకాల వాళ్ళకి ఆ ఫోన్లు..."

"నేనే ఫోను చేశాను. 'వచ్చేస్తున్నా హలీనా, ఇంకా దారిలోనే ఉన్నా' అన్నాడు. తెర పక్కకి లాగి, కారు ముందు అద్దంలోంచి ఆయన నెత్తినే చూస్తున్నాను నేను."

"అబ్బ."

"మొదట ఎవతో ఉందనుకున్నాను. అదైనా నయం. ఆడదైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. సీటుకి జుట్టెక్కడుంది?"

"ఖుహ్... ఖుహ్."

"నవ్వకండి."

"నవ్వలేదండీ. దగ్గొచ్చింది."

"ఇరవై ఏడేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. తిట్టుకుంటూనో, పోట్లాడుకుంటూనో, ఎలాగోలా కలిసే తిన్నాం. ఇప్పుడు నేను నా కంచం కడిగి బోర్లించాక వస్తాడు. చల్లారింది తింటాడు, పడుకుంటాడు. నాకు భయంగా ఉంది జెనోన్ గారూ. మీరు ఆయనకి కారులో ఇంకో ఇల్లు కట్టిచ్చారు. మెత్తగా, వెచ్చగా, నా గొంతు వినపడకుండా. అందుకే అంటున్నా. చెక్కలాంటి ఆ పాత సీటే పెట్టేయండి. చప్పుడు రానివ్వండి. నడుం పట్టేసి, చలికి వణికితే ఆయనే పైకొస్తాడు."

"అలా కాదండీ. లుద్విక్ చెప్పకుండా నేను దాని మీద చెయ్యి వెయ్యకూడదు."

"కంపెనీ చెప్పకుండా వేశారుగా."

"అది వేరు."

"ఏం వేరు?"

"అది... అది వేరు. ఇంకొన్నాళ్ళాగండి. అన్నీ అవే సర్దుకుంటాయి."

"ఆగను. మీరు చెయ్యకపోతే కంపెనీకి రాస్తాను. మీ కారుని ఇలా ఇలా చేశారని. ఏం, అలా చూస్తారేం? రాయలేననుకున్నారా? పేరు పెట్టకుండా రాసి పడేస్తాను."

"రాసేశారుగా."

"ఎవరు?"

"మీరే. పోయిన వారం."

"నేనా? నేనేం రాయలేదు."

"సరే, మీరు రాయలేదు. 'శ్రేయోభిలాషి' అని సంతకం పెట్టి ఎవరో రాశారు."

"మన ఊళ్ళో శ్రేయోభిలాషులకి కొదవేముంది? మా కింది వాటాలో గురాల్స్కా గారు లేరూ? ఆవిడకి ఊహ తెలిసినప్పట్నుంచీ అందరి మీదా అదే పని. చెత్తబుట్ట మూత వెయ్యకపోయినా మునిసిపాలిటీకి ఉత్తరమే."

"లుద్విక్ కూడా మేనేజరుకి ఆవిడ పేరే చెప్పాడు."

"చూశారా మరి."

"కానీ హలీనా గారూ, 'రోజూ కట్లెట్ చల్లారిపోతోంది, బంగాళాదుంపలు రాళ్ళవుతున్నాయి' అని గురాల్స్కా గారెందుకు రాస్తారు? అప్పటిదాకా ఉత్తరం బాగానే ఉంది. సీటు, హీటరు, గుర్రాలు. లాయరు రాసినట్టుంది. ఆ తర్వాతే కట్లెట్ వచ్చింది."

"అలా రాశానా నేను?"

"మేనేజరు పైకి చదివి వినిపించాడట. పక్క గదిలో టైపు చేసే అమ్మాయిలు కూడా విన్నారట."

"ఏసు ప్రభువా, మరియమ్మ తల్లీ. కారు లాక్కుని మామూలుదేదో ఇస్తారనుకున్నానే గానీ... ఉద్యోగానికేం కాలేదు కదా?"

"ప్రస్తుతానికి ఉద్యోగం ఉంది. రేపు శుక్రవారం కంపెనీ మనుషులొచ్చి కారు చూస్తారు. ఫ్యాక్టరీ నుంచి దిగినట్టే ఉందా, ఉత్తరం అబద్ధం. లేదా, లుద్విక్ ఇంటికి."

"మరి ఇక్కడ కూర్చుని నిమ్మకాయ టీ అంటారేంటి? ఆయన్ని వెంటనే రమ్మంటాను. రేపటిలోగా అన్నీ..."

"కంగారు పడకండి. పని అయిపోయింది. లుద్విక్కే తెచ్చిచ్చాడు, దగ్గరుండి చేయించుకున్నాడు. పాత సీటు, పాత షాకబ్జార్లు, పాత నూట పదిహేను గుర్రాలు. మళ్ళీ మిట్ట ఎక్కుతూ మూలుగుతోంది. రేపు ఎవరు చూసినా ఏం దొరకదు. మీకు మాత్రం చెప్పొద్దన్నాడు."

"అయితే ఆయనకి తెలుసు. నేనే అని తెలుసు."

"కట్లెట్ మీ ఇంటిదేగా."

"ఒక్క మాట అనలేదు నన్ను."

"లుద్విక్ ఏమంటాడండీ."

"నాలుగు తిట్టినా బాగుండేది. నా వల్ల ఉద్యోగం పోయేదాకా వచ్చి, గురాల్స్కా మీదకి తోసి, ఇంటికొచ్చి నా చేతి అన్నం తిని పడుకున్నాడు. నా బుద్ధి గడ్డి తిన్నది జెనోన్ గారూ."

"పోనీలెండి. కోపంలో ఎవరైనా..."

"పోనీ, ఒకందుకు మంచిదే అయింది. పీకేశారు కదా, ఇక ఆ డొక్కులో ఎవడు కూర్చుంటాడు? ఇవాళ కారు ఆగేసరికి కట్లెట్లు బల్ల మీద పెడతాను, పొగలు కక్కుతూ. ఆ ఉత్తరం నేనే రాశానని నా నోటితో నేనే చెప్తాను. తప్పయిపోయిందంటాను. అంతేనా? ఏం, మాట్లాడరేం?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉందనేగా. చెప్పండి."

"నిన్న ఎంతసేపు కూర్చున్నాడు కింద?"

"నిన్నా? నిన్న మరీ ఎక్కువ. ఎనిమిదింటికి వచ్చాడు పైకి. కోటు కాలరెత్తి, టోపీ చెవుల మీదకి లాక్కుని కూర్చున్నాడు, వీధి దీపం వెలుగులో కనపడుతూనే ఉంది. అంత హీటరు పెట్టుకుని టోపీ దేనికో నాకర్థం కాలేదు."

"హీటరు సోమవారమే పీకేశానండీ."