చావు రాని ఊరు

(1957. నందికొట్కూరు దగ్గరి పల్లెలో వెంకటలక్ష్మమ్మ ఇంటి పంచ. నిండు నెలల కోడలు సిద్దికి ఫ్లూ జ్వరమని విని, ఆ పిల్ల తల్లి రామలక్ష్మమ్మ ఆత్మకూరు నుంచి బస్సులో అప్పుడే వచ్చింది.)

“కూతుర్ని తర్వాత చూస్తువులే వదినా. ముందు కాళ్ళు కడుక్కోని ఇంత మజ్జిగ తాగు.”

“తాగుతాలే. నిజం చెప్పు వదినా, మీ ఊర్లో ఈ జ్వరానికి ఒక్కరు గూడా పోలేదంట గదా?”

“ఒక్కరు గూడా. మా పెద్దమ్మ తల్లి చల్లగా చూసింది.”

“మాకు లేదా పెద్దమ్మ తల్లి? మేమూ పొట్టేల్ని కొట్టినాం. అయినా మా ఊర్లో చావు తప్పెట మోగని పొద్దు లేదు. కడుపు మండుతాండాది వదినా, దాచేదేముంది.”

“అట్ల కండ్లల్లో నిప్పులు పోసుకోవాకు. మా ఇంటాయన పేపర్లో చదివినాడు. ఒక దేశంలో శానామంది పోతారంట, ఇంగో దేశంలో రెండు తుమ్ములు తుమ్మి లేచి తిరుగుతారంట. ఊర్లూ అంతే.”

“ఏంటికో రాసినారా?”

“గాలంటారు, నీళ్ళంటారు. మా బాయి నీళ్ళు తాగినోళ్ళకు రోగమేంది?”

“మా బాయి నీళ్ళతో వండిందే గదా, పెండ్లిలో మీవోళ్ళు మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్యారు?”

“కోపంలో ఉండావు. ఇంగొంచెం మజ్జిగ…”

“వద్దు. సిద్ది లోపల పండుకోనుందా? దాన్ని మా ఊరికి తీస్కపోతానని భయపడాకు. ఈడ్నే పెట్టుకో. నేనూ ఉండి చూసుకుంటా. చావు రాని ఊరు గదా, నా బిడ్డనన్నా బతకనీ.”

“అదేంది వదినా… కడుపుతో ఉండే పిల్లకు జబ్బు చేస్తే పుట్టింటికే గదా పంపాల్సింది. మా ఊరి ఆచారం అది.”

“ఆచారమా?”

“మేమొక్కరమేనా? పెద్ద ఈరన్న కోడల్నీ అట్లనే పంపిరి. దేవేంద్రప్ప కోడల్నీ.”

“పెద్ద ఈరన్న కోడలంటే మా తిరుపతమ్మ కూతురు. బండి మా వీధిలో నిలిచేటప్పటికే దానికి మాటల్లేవు. తెల్లారి పోయింది. దేవేంద్రప్ప కోడలు మా దాసన్న చెల్లెలు. అదీ పోయింది. ఈ జ్వరం మొగోళ్ళను నాలుగు దినాలు మూలిగించి లేపుతాండాది, కడుపుతో ఉండేటోళ్ళనే మింగుతాండాది. అట్లాంటోళ్ళను ఆ ఎండలో, ఆ గతుకుల్లో…”

“ఊర్కో వదినా.”

“వాళ్ళకు పాడె కట్టింది మేం గదా! మీ బాయీ కాదు, మీ పెద్దమ్మా కాదు. పోయేటోళ్ళను బండెక్కించి మా ఊరికి తోల్తాండారు. ఇంగ మీ ఊర్లో సచ్చేదెవురు?”

“అంత మాటనాకు.”

“ఇట్లాంటి ఊరిని చూసి కుళ్ళుకుంటి గదమ్మా నేను! లే, తలుపు తీ. నా బిడ్డ ఈడ్నుంచి కదిలేది లేదు.”

“ముందు కూచో వదినా.”

“కూచోను. సిద్దీ! ఓ సిద్దీ!”

“పిలవాకు వదినా. పొద్దున్నే బండి కట్టినాం. నువ్వొచ్చిన బస్సు దాన్ని దాటుకోనే వచ్చింటాది.”